మూసిన ఇంట్లో ముప్ఫై ఎనిమిది మంది

ఎర్రయ్య చచ్చిపోయి మూడు నెలలు దాటింది. ఈ నెల ఒకటో తారీఖున అతని చేతిరాతలో రాసిన పేజీ ఉమాదేవి ఒళ్లో ఉంది.

ఆమె దాన్ని రెండోసారి చదివింది.

"1-9. ఉత్తరం గొడ. బీము కింద పగులు 19. మెట్లు 21. పద్నాలుగో మెట్టు దగ్గర సన్న గీత. ఇంట్లో ఉన్నవారు 38. ఎవరికీ తెలీదు."

కింద సంతకం. 'ఎర్రయ్య' అన్న మాటలో చివరి వత్తు తోకలా కిందికి సాగింది. పాత పేజీల్లోనూ అలాగే సాగింది. 'గోడ' అన్న మాటకి దీర్ఘం లేదు. పాత పేజీల్లోనూ లేదు.

గడియారం పదకొండు పది చూపిస్తోంది. ఆమె కూర్చున్నది అంబాజీపేట కాలవ గట్టు మీద నాగసతీష్ కట్టుకున్న మేడ వరండాలో. అతను దోహాలో ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగేళ్లుగా ఇంటికి తాళమే. మొన్న శనివారం సెలవు మీద వచ్చి తాళం తీశాడు. మీటరు బోర్డు కింద చెక్కపెట్టెలో ఉండే ఈ పుస్తకం తిరగేశాడు. దోహా నుంచి తెచ్చుకున్న పెట్టెలు కూడా విప్పకుండా అత్తారింటికి వెళ్లిపోయి, అక్కణ్నుంచి ఉమాదేవికి ఫోను చేశాడు.

"తాళం వేసిన ఇల్లండీ. లోపల ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారని రాసుందండీ. రాసినాయన జూన్‌లో ఇదే డాబా మీంచి పడి పోయేరండీ. నేనింక ఆ గడప తొక్కలేను."

ఉమాదేవికి నలభై ఎనిమిదేళ్లు. పోలీసు శాఖలో ఎస్సైగా ఉండగానే రాజీనామా ఇచ్చి, అమలాపురంలో ఓ జిరాక్సు షాపు మీది గదిలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఎడమ మోకాలు బాగుండదు. దయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఈ ఇంట్లో అడుగు పెట్టిన దగ్గర్నుంచి ఆమెకి ఒక విషయం మింగుడు పడటం లేదు. మనుషులు లేని ఇంట్లో ఎక్కడా దుమ్ము లేదు.

"ఈ పుస్తకం సంగతి చెప్పండి రాజుగారూ," అంది.

ఎదురుగా నిలబడ్డ బాపిరాజు తెల్లచొక్కా చేతులు సర్దుకున్నాడు. ఊళ్లో లేని ఓనర్ల ఇళ్లు కనిపెట్టి చూసుకునే ఆఫీసు అతనిది.

"చెప్పడానికేముందండీ. మా ఆఫీసు నలభై మూడు బిల్డింగులు చూస్తుందండి. ప్లాను కాయితాలు, పన్ను రసీదులు, వైరింగు బొమ్మలు, రిపేరు ఫొటోలు అన్నీ ఫైళ్లు కట్టి ఆఫీసులో పెడతాం. ఇంటికో పుస్తకం మటుకు ఇంట్లోనే ఉంటుంది. ఎర్రయ్య తాపీ మేస్త్రి. నెలలో మొదటి సోమవారం వచ్చి, చూసి, రాసేవాడు."

"ఎలా చూసేవాడు? వరస చెప్పండి."

"ముందు డాబా ఎక్కేవాడండి. ట్యాంకు, పిట్టగోడ చూసుకుని, పై గదులు, తర్వాత కింది గదులు. అన్నీ అయ్యేక ఇదిగో, ఈ వరండా అరుగు మీద కూర్చుని పుస్తకం తీసేవాడు. ఇరవై ఏళ్ల అలవాటు."

"జూన్ రెండో తారీఖున అతన్ని చూశారా?"

"లేదండి. ఆ వారంలో అతని మొహమే చూళ్లేదు. నేను రాజోల్లో ఉన్నాను. పోలీసులకీ అదే చెప్పేను."

"ఈ ఇంటి తాళాలు ఎన్ని?"

"ఓనరుది కాక రెండండి. ఒకటి మా ఆఫీసులో. ఒకటి అప్పలమ్మ దగ్గర. ఎర్రయ్య పెళ్లాం. సోమవారం సోమవారం వచ్చి ఊడ్చి వెళ్తుంది."

"అయితే ఆమె రాసి ఉండొచ్చు."

బాపిరాజు నవ్వాడు. "అప్పలమ్మా? దానికి అక్షరం ముక్క రాదండి. మా హాజరు పుస్తకంలో వేలిముద్రే."

ఉమాదేవి లేచింది. "రండి. పుస్తకంలో ఉన్నది ఇంట్లో ఉందో లేదో చూద్దాం."

మెట్లు ఎక్కుతుంటే మోకాలు ఒక్కో మెట్టుకీ లెక్క చెప్పింది. పద్దెనిమిది. ఆమె మళ్లీ దిగి, మళ్లీ ఎక్కింది. పద్దెనిమిదే. పద్నాలుగో మెట్టు దగ్గర గోడ మీద గీత లేదు, గోడే లేదు. ఇనప రెయిలింగు ఉంది.

పై గదిలో ఉత్తరం గోడకి టార్చి వేసింది. వేలితో బీము పొడవునా తడిమింది. నున్నగా, చల్లగా ఉంది. వెంట్రుకంత పగులైనా లేదు. కింది గదిలోనూ అంతే. కిటికీలన్నీ మూసి ఉండటంతో ఇద్దరి అడుగుల చప్పుడూ వెనక ఎవరో నడుస్తున్నట్టు ఒక క్షణం ఆలస్యంగా వినిపిస్తోంది. బాపిరాజు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

డాబా తలుపు పక్కన ఒక జత రబ్బరు చెప్పులున్నాయి. మగవాళ్లవి. మడమల దగ్గర అరిగిపోయి ఉన్నాయి. వాటి మీదా దుమ్ము లేదు. ఎవరో తడిగుడ్డతో తుడిచి, డాబా వైపు తిప్పి పెట్టినట్టున్నారు.

బాపిరాజు వాటిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరివండీ ఇవి?" అడిగింది.

"నాకేం తెలుసండీ," అన్నాడు.

ఉమాదేవి అతని మొహమే చూస్తూ అడిగింది. "ఈ ఇంట్లో మెట్లు పద్దెనిమిది. పుస్తకంలో ఇరవై ఒకటి. ఈ ఇంట్లో పగులు లేదు, పుస్తకంలో ఉన్నది నెలనెలా పెరుగుతోంది. ఏప్రిల్లో నాలుగు, మేలో ఏడు, జూలైలో పదకొండు, ఆగస్టులో పద్నాలుగు, ఇప్పుడు పంతొమ్మిది. మార్చి దాకా ఉన్న పేజీలన్నీ ఈ ఇంటివే. ఏప్రిల్ నుంచి రాసింది మరో ఇంటి గురించి. మీ నలభై మూడు బిల్డింగుల్లో ఇరవై ఒక్క మెట్లున్నది ఏది రాజుగారూ?"

"మెట్లు ఎవరు లెక్కపెడతారండీ?" అంటూ బాపిరాజు వాచీ చూసుకున్నాడు. "నాకు రాజోల్లో పనుందండి. ఏమైనా ఉంటే ఫోన్ చెయ్యండి."

పదకొండూ నలభై ఐదుకి అతని కారు గేటు దాటింది. రాజోలు వెళ్లాలంటే ఎటు తిరగాలో అతనికి తెలియక కాదు. కారు అమలాపురం వైపు తిరిగింది.

* * *

పన్నెండున్నరకి పోలీసు జీపు వచ్చింది. సీఐ సత్యప్రసాద్ దిగాడు. ఒకప్పుడు ఉమాదేవి దగ్గరే పని నేర్చుకున్న మనిషి. ఎర్రయ్య చావుని ప్రమాదమని రాసి ఫైలు మూసింది ఇతనే.

"మేడమ్, రాజీనామా ఇచ్చినవాళ్లు ఇంట్లో ఉండాలి," అన్నాడు వరండాలోకి వస్తూనే. "బాపిరాజు గారు ఫోన్ చేసేరు. పెద్దమనుషుల్ని ఇలా ఇబ్బంది పెడితే ఎలాగండీ?"

"కూర్చో సత్యప్రసాద్. ఎర్రయ్య ఎన్నింటికి పడ్డాడు?"

"పదిన్నర. పక్క తోటలో కూలీలు చప్పుడు విన్నారు. ట్యాంకు చూడ్డానికి ఎక్కేడు, పిట్టగోడ దగ్గర కాలు జారింది. అంతే కేసు."

"ఈ పుస్తకం చూశావా?"

"గోడలకి సున్నం వేసిన లెక్కల పుస్తకం నాకెందుకండీ?"

ఉమాదేవి జూన్ పేజీ తీసి అతని ముందు పెట్టింది. పేజీలో 2-6 అన్న తేదీ ఒక్కటే ఉంది. మిగతా అంతా ఖాళీ.

"ఎర్రయ్య ముందు డాబా చూస్తాడు. ఆఖర్న కింద ఈ అరుగు మీద కూర్చుని రాస్తాడు. తేదీ వేశాడంటే అప్పటికి డాబా పని అయిపోయింది. రాయడం మొదలుపెట్టినవాడు పెన్ను పక్కన పెట్టి మళ్లీ మేడెక్కాడు. ఎందుకెక్కాడు? ఎవరు పిలిచారు?"

సత్యప్రసాద్ పేజీ వంక చూశాడు. "ఏదో మర్చిపోయుంటాడు," అన్నాడు. "సరే, మీ లెక్కే నిజమనుకుందాం. ఆ తర్వాత మూడు పేజీలు ఎవరు రాసేరు? శవమా?"

"చదువు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు. తర్వాత ముందు పేజీలు చదువు. ఈ మూడింటిలో ఒక్క కొత్త మాట చూపించు."

అతను విసుగ్గానే తిరగేశాడు. ఐదు నిమిషాలు గడిచేసరికి విసుగు పోయింది. ఉత్తరం, బీము, పగులు, గీత, ఇంట్లో ఉన్నవారు, ఎవరికీ తెలీదు. ప్రతి మాటా ఎర్రయ్య బతికున్నప్పుడు రాసిన పేజీల్లో ఎక్కడో ఒకచోట ఉంది. లేని మాట ఒక్కటీ లేదు. మారేవల్లా అంకెలే.

"ఈ పుస్తకంలో ఉన్న మాటలు తప్ప ఇంకేమీ రాయడం రాని మనిషి రాశారు," అంది ఉమాదేవి. "నాగసతీష్‌ని పంపి ఆవిణ్ని రమ్మన్నాను."

"అప్పలమ్మనా? నా ఎదుట వేలిముద్ర వేసిన మనిషండీ అది!"

"అయితే నువ్వూ ఉండు. చూద్దాం."

* * *

రెండూ నలభైకి అప్పలమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. నీలం నేతచీర, చేతిలో ప్లాస్టిక్ సంచీ. గుమ్మంలో యూనిఫాం చూడగానే వెనకడుగు వేసింది.

"మీరేం తప్పు చెయ్యలేదమ్మా. కూర్చోండి," అని ఉమాదేవి పుస్తకం ఆమె ముందు తెరిచింది. "ఈ మూడు పేజీలూ మీరేనా?"

అప్పలమ్మ పేజీ అంచు వేలితో నిమిరింది. తర్వాత మెల్లగా అంది. "ఆయ్. నేనేనండీ."

సత్యప్రసాద్ జేబులోంచి పెన్ను తీసి విసురుగా ముందు పెట్టాడు. "ఏదీ, రాయి."

ఆమె పెన్ను పిడికిటితో పట్టుకుంది. నాలుక పంటి కింద పెట్టుకుని, పుల్లతో ముగ్గు దిద్దినట్టు ఒక్కో గీతా పెట్టింది. 'ఉత్తరం గొడ.' ఎర్రయ్య రాతే. దీర్ఘం లేని గోడే.

"మీ పేరు రాయండి," అంది ఉమాదేవి.

అప్పలమ్మ పెన్ను పైకెత్తి ఆగిపోయింది. "నా పేరు ఈ పుస్తకంలో లేదండి," అంది.

సత్యప్రసాద్ ఆ రాతని పాత పేజీతో పోల్చి చూశాడు.

"ఆయన పేజీలు చూసి దిద్దుకున్నానండి. ఏ మాటేంటో ఆయనే చదివి చెప్పేవోరు. నాకీ రాత ఒక్కటే వచ్చండి. అంకెలంటారా, టేపు పట్టుకోవడానికి ఆయనతో వెళ్లేదాన్ని కదండీ, అలా వచ్చేయి."

"ఆ మెట్లు ఇరవై ఒకటున్న మేడ ఎక్కడుందమ్మా?"

"అమలాపురంలో అండీ. నర్సు పరీక్షలకి చదూకునే ఆడపిల్లల హాస్టలు. నేను పొద్దుటేళ అక్కడ ఊడుస్తాను. ఓనరు మస్కట్‌లో ఉంటారు, చూసేది బాపిరాజు గారే. ఫిబ్రవరిలో కార్లు తిరగడానికి అడ్డమని కింద పిల్లరు ఒకటి కొట్టించేసేరండి. ఆయన వద్దన్నారు. వద్దని అక్కడి పుస్తకంలో రాసేరు. మర్నాటికి ఆ పుస్తకం లేదండి. కొత్తది పెట్టేరు. అందులో ఏడాది చివరిదాకా గోడలు బాగున్నాయని ముందే రాసేసుంది."

"అందుకని ఇక్కడ రాశారా?"

"ఆయ్. ఎక్కడో ఒకచోట నిజం రాసుండాలన్నారు. ఈ ఇంటాయన దూరంగా ఉన్నారు, ఈ పుస్తకం ఆఫీసోళ్లు తెరవరు, ఇక్కడైతే ఉంటదన్నారు. ఆయన పోయేక మానెయ్యబుద్ధి కాలేదండి. ఆ పిల్లలు నన్ను పిన్నిగారూ అని పిలుస్తారు. ముప్ఫై ఎనిమిది మందండి."

"పోలీసులకి చెప్పకపోయావా?" సత్యప్రసాద్ గొంతు పెంచాడు.

అప్పలమ్మ మొదటిసారి అతని కళ్లలోకి చూసింది. "చెప్పేనండి. ఆయన పోయిన మూడోనాడు స్టేషన్‌కొచ్చి, గోడ పగిలిందండీ, ఆయన అదే చెప్పబోయేరండీ అన్నాను. మీరే కాయితం మీద వేలు వేయించుకున్నారు. అందులో కాలు జారి పడ్డారని రాసుందని తర్వాత ఎవరో చదివి చెప్పేరు."

సీఐ మొహం తిప్పుకున్నాడు.

"జూన్ పేజీ ఎందుకు వదిలేశారమ్మా?"

"ఆ అంకె నాకు తెలీదండి. ఆ రోజు పొద్దున్న నేను వెళ్లేలోపే ఆయన హాస్టల్లో కొలిచేసి వెళ్లేరని పిల్లలు చెప్పేరు. ఇంటికి రాకుండా ఇటే వచ్చేసేరు. ఫోను ఇంట్లో చార్జింగులో ఉండిపోయింది. ఎంతో నాకు చెప్పనే లేదు. తెలీని అంకె ఎలా రాస్తానండి?" ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ చెప్పులు కూడా ఆయన పైన ఎక్కడ విడిచేరో అక్కడే ఉంచేను."

ఉమాదేవి అడిగింది. "ఇప్పుడెంతుంది?"

"ఆయన పగులు మీద అడ్డంగా గాజుముక్క సిమెంటుతో అంటించేరండి. గోడ కదిల్తే అది విరుగుద్ది. నిన్న విరిగింది. ఇవాళ పొద్దున్న స్కేలు పెట్టబోతే..." ఆమె కుడిచేతి బొటనవేలు చూపించింది. "వేలు దూరిందండి."

ఉమాదేవి అప్పటికే లేచి నిలబడింది. "పైన ఏముంది? డాబా మీద?"

"మూడు ట్యాంకులండి. నాలుగింటికి మోటారు వేస్తారు. పిల్లలు మజ్జాన్నం నుంచి గదుల్లోనే ఉంటారు."

మూడు దాటి ఐదు నిమిషాలైంది. అప్పలమ్మ ఫోన్‌లోంచే ఉమాదేవి హాస్టలు వార్డెన్ ఆదిలక్ష్మిని పిలిచింది. విషయం రెండు ముక్కల్లో చెప్పి పిల్లల్ని బయటికి పంపమంది.

"అదెలాగండీ?" అంది అవతలి గొంతు. "బాపిరాజు గారు ఇక్కడే ఉన్నారండి. మేస్త్రీల్ని పెట్టి గోడకి రంగు కూడా వేయించేసేరు. ఏం భయం లేదన్నారు. ఆయన చెప్పకుండా నేను పిల్లల్ని రోడ్డు మీదికి పంపితే నా ఉద్యోగం ఉంటదాండీ?"

ఫోను కట్ అయింది. ఉమాదేవి సీఐ వైపు తిరిగింది. "నువ్వు చెప్తే వింటుంది."

"నా కళ్లతో చూడకుండా హాస్టలు ఖాళీ చేయమని ఎలా చెప్తానండీ? తొక్కిసలాట జరిగితే?" అన్నాడు. కానీ అప్పటికే జీపు డ్రైవరుకి చెయ్యూపాడు.

* * *

మూడంతస్తుల మేడ ముందు జీపు ఆగేసరికి మూడూ నలభై ఐదైంది. బాపిరాజు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. వెనక కొత్త రంగు వాసన.

కింది హాల్లో ఉత్తరం గోడ పాలలా తెల్లగా ఉంది. బీము కింద కూడా తెలుపే. గాజుముక్క లేదు. గీత లేదు. పైన ఎక్కడో ఆడపిల్లలు పాఠం గట్టిగా వల్లెవేస్తున్న చప్పుడు.

సత్యప్రసాద్ గోడ దగ్గరికి వెళ్లి వేలితో కొట్టి చూశాడు. "ఏదండీ మీ పగులు?"

"తడి రంగు కింద ఉంది. పొద్దున్న నేను మెట్లు అడిగిన తర్వాత వచ్చి మూయించారు," అంది ఉమాదేవి. "రాజుగారూ, ఏడు మిల్లీమీటర్లున్నప్పుడే ఈ మేడ ఖాళీ చేయించాల్సింది."

"ఏడూ తొమ్మిదీ కూడా పగుళ్లేనా అండీ?" బాపిరాజు చెయ్యి విసిరాడు. "సిమెంటన్నాక సన్న గీతలు రావా? ఎర్రయ్య తొమ్మిదైపోయిందని గోల పెట్టిన రోజే చెప్పేను, లప్పం పెడితే పోతుందని."

ఉమాదేవి నోరు తెరవబోయింది. ఆమెకంటే ముందు అప్పలమ్మ అడిగింది, దాదాపు గుసగుసలా.

"తొమ్మిదా అండీ?"

బాపిరాజు ఆమె వైపు తిరిగాడు.

"మే నెలలో ఏడండి. జూన్‌ది ఆయన ఆ రోజు పొద్దున్నే కొలిచేరు. పదిన్నరకి పోయేరు. కాయితం మీద పెట్టలేదు. నాకు చెప్పలేదు. మీకెప్పుడు చెప్పేరండీ?"

"ఫోన్లో... ఫోన్ చేసేడు."

"ఫోను ఇంట్లో ఉండిపోయిందండి."

"ఆ వారమంతా అతని మొహమే చూడలేదన్నారు మీరు," అంది ఉమాదేవి. "పొద్దున్న నాతో అన్నారు. జూన్‌లో సత్యప్రసాద్‌కి రాసిచ్చారు. ఆ అంకె రాయడానికే ఎర్రయ్య అంబాజీపేట వెళ్లాడు. తేదీ వేసి పెన్ను పట్టుకుని కూర్చున్నప్పుడు మీరు వచ్చారు. మాట్లాడాలని పైకి పిలిచారు. తొమ్మిది అన్నది ఆ డాబా మీద విన్నారు."

బాపిరాజు గుమ్మం వైపు చూశాడు. సత్యప్రసాద్ గోడ దగ్గర్నుంచి రెండడుగులు వేసి అతనికీ గుమ్మానికీ మధ్య నిలబడ్డాడు.

అప్పుడు వెనక గదిలో ఎవరో స్విచ్చి నొక్కారు. మోటారు హోరు మొదలైంది. గోడలో ఉన్న పైపులోంచి నీళ్లు పైకి పాకుతున్న చప్పుడు అందరికీ వినిపించింది.

సీఐ టోపీ మీద తెల్లటి పెళ్ల ఒకటి పడింది.

అందరూ తలెత్తారు. తడి రంగు మీద బీము మూల నుంచి ఒక సన్నటి గీత బయల్దేరింది. తొందరేం లేనట్టు, దారి తెలిసినట్టు, చీమలబారులా గోడ మీద కిందికి దిగుతోంది. దిగినంత మేరా కొత్త సిమెంటు రెండుగా విచ్చుకుంటోంది. లోపల ఇనప చువ్వ కిర్రుమంది. పైన పిల్లలు ఇంకా పాఠం చదువుతూనే ఉన్నారు.

"మోటారు ఆపండి!" ఉమాదేవి అరిచింది. సత్యప్రసాద్ విజిల్ మోతకి హాలంతా దద్దరిల్లింది. "పైన అందరూ కిందికి! ఒక్కొక్కరే! పరిగెత్తద్దు!"

కానీ మెట్లు ఉన్నది ఆ గోడ పక్కనే. మొదట దిగిన పిల్ల పద్నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడ గోడ నోరు తెరుచుకుని ఉంది. వెనక పిల్లలు తోసుకుంటున్నారు, ఒకరిద్దరు ఏడుస్తున్నారు. అప్పలమ్మ పైకెక్కింది. ఎవరు ఆపినా ఆగలేదు. పగులుకి వీపు ఆనించి నిలబడి ఒక్కో పిల్ల చెయ్యి పట్టుకుని కిందికి దాటించింది.

"గోడ చూడకండమ్మా. నన్ను చూడండి. నేను రోజూ దిగే మెట్లే ఇవి. దిగండి, దిగండి."

గేటు దగ్గర ఉమాదేవి లెక్కపెట్టింది. ఇరవై ఆరు. ముప్ఫై ఒకటి. ముప్ఫై ఏడు. ఆఖరి పిల్ల జ్వరంతో పడుకుని ఉంది. సత్యప్రసాద్ ఆమెని భుజాన వేసుకుని దిగాడు. ముప్ఫై ఎనిమిది. వార్డెన్ ఆదిలక్ష్మి. రంగు డబ్బాతో ఇద్దరు మేస్త్రీలు. జీపు డ్రైవరు రెక్క పట్టుకుని తెచ్చిన బాపిరాజు. అందరికంటే వెనక అప్పలమ్మ. వీపంతా తెల్ల సుద్ద.

నాలుగూ ఇరవై రెండుకి మేడ ఉత్తరపు మూల కూర్చుండిపోయింది. పెద్ద చప్పుడేం కాలేదు. అలిసిపోయిన మనిషి చతికిలబడ్డట్టు దిగింది. మూడు ట్యాంకులూ దొర్లి మెట్ల మీద పడ్డాయి. దుమ్ములోంచి నీళ్లు రోడ్డు మీదికి పారాయి. ఒక్క పిల్లా ఏడవలేదు. అందరూ కళ్లార్పకుండా చూస్తూ నిలబడ్డారు.

సత్యప్రసాద్ బాపిరాజుని జీపు వెనక కూర్చోబెట్టి బేడీ వేశాడు. తిరిగొచ్చి ఉమాదేవి పక్కన నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది.

"జూన్‌లో ఆవిడ మాట నేను రాసుకోవలసింది మేడమ్," అన్నాడు.

"ఆ మాట ఆవిడతో చెప్పు."

అతను వెళ్లి చెప్పాడు. అప్పలమ్మ రోడ్డు పక్క రాయి మీద కూర్చుని మోకాళ్ల దుమ్ము దులుపుకుంటోంది. తల ఊపింది.

"ఆఫీసుకి సీలు వేయిస్తాను," అన్నాడు సీఐ. "ఫైళ్లన్నీ పట్టుకొస్తాను."

"ఫైళ్లలో గోడలన్నీ బాగానే ఉంటాయి సత్యప్రసాద్. అక్కడేమీ దొరకదు." ఉమాదేవి మోకాలు పట్టుకుని మెల్లగా అప్పలమ్మ పక్కన కూర్చుంది. ఒక విషయం ఆమెని ఇందాకటి నుంచీ తొలుస్తోంది. ఒక్క పిల్లరు తీయించినవాడు అక్కడితో ఆగుతాడా? "అమ్మా, ఎర్రయ్య గారు గాజుముక్క ఇంకెక్కడైనా అంటించారా?"

"ఆయ్. ఇంకొక్కచోట అండీ. ఆలమూరులో."

"అక్కడా హాస్టలేనా?"

"కాదండి. కాన్పుల ఆసుపత్రి. కింద మందుల షాపు పెట్టడానికి రెండు పిల్లర్లు తీయించేసేరు."

సత్యప్రసాద్ డ్రైవరుకి సైగ చేశాడు. జీపు ఇంజను మోగింది. ఆలమూరు వెళ్లడానికి గంట పైనే పడుతుంది. అతను ఫోన్ తీసి నంబరు వెతుక్కుంటూనే అడిగాడు. "పగులు ఎంతుందమ్మా అక్కడ?"

"ఆయన చూసినప్పుడు పన్నెండండి."

"ఎప్పుడు చూసేరు?"

"మే నెలలో అండీ," అంది అప్పలమ్మ. "ఆ తర్వాత ఎవరూ చూళ్లేదు."